చర్చించడమైనది, తీర్మానించడమైనది

మా అపార్ట్‌మెంట్ పాత మినిట్స్ రిజిస్టర్‌లో, అంటే మీటింగుల్లో అనుకున్నది రాసుకునే పుస్తకంలో, ఒక పేజీ ఉంది. పైన తేదీ, కింద పద్నాలుగు సంతకాలు, మధ్యలో ఒకే ఒక్క లైను: "బోరు విషయం చర్చించడమైనది." అంతే. ఈ ఒక్క లైను వల్ల మా బిల్డింగ్‌లో రెండేళ్లు మనుషులకి మనుషులకి మాటల్లేవు.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు 24 ఫ్లాట్ల బిల్డింగ్ మాది. ఆ ఏడాది ఏప్రిల్ రాకముందే బోరు ఎండిపోయింది. ఫ్లోరైడ్ సంగతి మా జిల్లావాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు, బోరు నీళ్లు తాగడానికి ఎవరం వాడం, కానీ బట్టలకీ గిన్నెలకీ బాత్రూంలకీ ఆ నీళ్లే దిక్కు, మునిసిపల్ నల్లా ఒక్కటీ సరిపోదు. రోజూ ట్యాంకర్లు. ట్యాంకర్ లేటయితే నాలుగో అంతస్తు నుంచి బకెట్లు పట్టుకుని దిగేవాళ్లం. అప్పటి సెక్రటరీ సార్ రిటైర్డ్ హెడ్‌మాస్టర్. ఆయన ఒక ఆదివారం సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. వచ్చినవాళ్లందరూ "వేసేద్దాం సార్, ఇంకేం చూస్తరు" అన్నారు. నేను కూడా అన్నాను. సార్ రిజిస్టర్ తీసి, పొద్దెక్కుతోందని ముందు సంతకాలు తీసుకున్నారు, మ్యాటర్ తర్వాత నింపుకుందాం అని.

ఆ తర్వాత రాసింది ఆ ఒక్క లైనే.

రిగ్గు రాత్రి వచ్చింది, తెల్లారేదాకా మోత. 540 అడుగులకి నీళ్లు పడ్డాయి. కేసింగ్, మోటరు, పైపులు, కేబులు అన్నీ కలిపి 1,92,000. అంటే ఫ్లాటుకి 8,000. పద్దెనిమిది ఫ్లాట్లు కట్టాయి, ఆరు కట్టలేదు. వాళ్లు అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ నాకు మాట మాటకీ గుర్తున్నాయి. "జనరల్ బాడీ పెట్టకుండ అంత పైసలు ఎట్ల ఖర్చు పెడ్తరు?" "కమిటీకి పాతిక వేల వరకే కద పవరు?" "కొటేషన్లు ఎన్ని తెచ్చిండ్రు?" "మేము ఆ రోజు ఒప్పుకోలే సార్, ఊకె కూసున్నం."

అప్పట్లో వాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ బోరు నీళ్లే వాడుకుంటూ డబ్బులు కట్టరా అని. కానీ తర్వాత బైలాస్, అంటే మా అసోసియేషన్ నియమాల పుస్తకం, తీసి చదివితే వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నా సరైనదే. 25,000 దాటిన ఖర్చుకి జనరల్ బాడీ, అంటే ఓనర్లందరి సమావేశం, ఆమోదం కావాలని మా బైలాస్‌లో స్పష్టంగా ఉంది. ఆ రోజు సెల్లార్‌లో జరిగింది కమిటీ మీటింగా, జనరల్ బాడీనా, ఊరికే కూర్చున్నామా అన్నది ఎక్కడా రాసి లేదు. పద్నాలుగు మందీ ఒప్పుకున్నారనీ లేదు, ఎంత డబ్బు వరకు ఒప్పుకున్నారనీ లేదు. కొత్త బోరుకి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ముందే పర్మిషన్ తీసుకోవాలన్న మాట కూడా ఆ పేజీలో లేదు. ఉన్నదల్లా "చర్చించడమైనది". చర్చించాం, నిజమే. తీర్మానించామా? ఆ పుస్తకం ప్రకారం, లేదు.

రిగ్గువాళ్లు ఊరుకోరు కదా. మిగిలిన 48,000 సార్ తన పెన్షన్ డబ్బుల్లోంచి కట్టేశారు. కట్టి, రాజీనామా కాగితం నోటీసు బోర్డుకి అంటించి వెళ్లిపోయారు. రోజూ సాయంత్రం కింద వాచ్‌మన్ గది పక్కన కుర్చీ వేసుకుని పేపర్ చదివే మనిషి కిందికి రావడమే మానేశారు. ఆయన ఒక్క రూపాయి తినలేదు. ఆ సంగతి ఆ ఆరు ఫ్లాట్ల వాళ్లకీ తెలుసు. అయినా "లెక్క తేలలేదు" అన్న మాట బిల్డింగ్‌లో తిరుగుతూనే ఉంది. నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

సెక్రటరీ పని చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు, నేను తీసుకున్నాను. రిజిస్టర్ ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి పేజీలు తిప్పుతుంటే మా అత్తమ్మ వచ్చి పక్కన కూర్చున్నది. అత్తమ్మది నకిరేకల్ దగ్గర పల్లె, ఎన్నో ఏళ్లుగా మహిళా సంఘంలో సభ్యురాలు, సంతకం పెట్టడం కూడా సంఘంలోనే నేర్చుకున్నది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ బోరు పేజీని చాలాసేపు చూసింది.

"గిది మినిట్స్ బుక్కా బిడ్డా? ఎవరన్నరు, ఎంతమంది ఒప్పుకున్నరు, పైసలు ఎవరిస్తరు, గవన్ని ఏవి?"

లేవత్తమ్మా అన్నాను.

"మా సంఘంల ఐదు వేలు అప్పియ్యాల్నన్నా తీర్మానం రాసి, అందరికి చదివి వినిపిచ్చి, గప్పుడు సంతకం పెడ్తం. చదువు రానోళ్లయితె చదివి వినిపియ్యకుంటె ఏలిముద్ర ఎయ్యనే ఎయ్యరు. మీరందరు సదువుకున్నోళ్లే కద."

సంఘాలకి పంచసూత్రాలు అని ఉంటాయి: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, సరైన పుస్తక నిర్వహణ. పుస్తకం రాయడాన్ని పొదుపుతో సమానంగా పెట్టారు చూడండి. పది పన్నెండు మంది ఆడవాళ్లు వాకిట్లో చాప మీద కూర్చుని పాటించే పద్ధతిని లక్షల రూపాయల ఫ్లాట్లు కొనుక్కున్న మేం పాటించలేదు. మర్నాడే ప్రకాశం బజార్‌కి వెళ్లి 200 పేజీల గట్టి అట్ట రిజిస్టర్ ఒకటి కొన్నాను. పేజీలకి చేత్తో నంబర్లు వేసి, మొదటి పేజీలో "ఈ పుస్తకమునందు 1 నుండి 200 వరకు పేజీలు కలవు" అని రాసి అధ్యక్షుడితో సంతకం చేయించాను. నంబర్లుంటే పేజీ చింపితే తెలుస్తుంది, మధ్యలో కొత్తది అతికించినా తెలుస్తుంది.

ఇప్పుడు మా దగ్గర తీర్మానం ఎలా ఉంటుందో ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తాను, మీ అసోసియేషన్‌లో పనికొస్తే వాడుకోండి:

"తీర్మానం నెం. 3. సెల్లార్‌లోని సంపు పగుళ్లకు వాటర్‌ప్రూఫింగ్ చేయించుటకు వచ్చిన మూడు కొటేషన్లు పరిశీలించి, రెండవ కొటేషన్‌ను రూ. 62,000 (అక్షరాలా అరవై రెండు వేల రూపాయలు) మించకుండా ఆమోదించడమైనది. ఖర్చు కార్పస్ ఫండ్ నుండి. పని చూసుకొను బాధ్యత 203, 401 ఫ్లాట్ల సభ్యులది. జూన్ 10 లోపు పూర్తి కావలెను. ప్రతిపాదించినవారు 402, బలపరిచినవారు 105. అనుకూలం 15, వ్యతిరేకం 2, తటస్థం 1."

ఇందులో ప్రతి ముక్కకీ వెనక ఒక గొడవ ఉంది. "మించకుండా" అని లేకపోతే మేస్త్రీ పని మధ్యలో ఇంకో పది వేలు అంటాడు, పక్కన నిలబడ్డ కమిటీ మెంబర్ మొహమాటానికి సరే అంటాడు. ఇప్పుడు అలా అడిగితే పేజీ చూపిస్తాం, ఇంకా కావాలంటే ఇంకో తీర్మానం కావాలి. కార్పస్ ఫండ్ అంటే పెద్ద ఖర్చులకని విడిగా దాచిన డబ్బు. "ఎక్కడి నుండి" అని రాయకపోతే నెలనెలా మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి తీసి వాడేసి, వాచ్‌మన్ జీతానికి తడుముకోవాల్సి వస్తుంది. బాధ్యత ఎవరిదో రాయకపోతే "కమిటీ చూసుకుంటుంది" అవుతుంది, కమిటీ అంటే చివరికి సెక్రటరీ ఒక్కరే. ఇక అక్షరాలా అని ఎందుకు రాస్తున్నానో చివర్లో చెప్తాను, అది నాకు ఒకరు నేర్పింది.

అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే, ఓటు పెట్టకముందే నేను ఆ వాక్యం రాసి గట్టిగా చదువుతాను. "నేను రాసింది ఇది, మనం అనుకున్నది ఇదేనా?" అని. అప్పుడే నిజమైన మీటింగ్ మొదలవుతుంది. అప్పటిదాకా తల ఊపినవాళ్లు "ఆగండి మేడం, కార్పస్ నుంచి అనుకోలేదు కదా" అంటారు. ఆ పది నిమిషాలు చిరాకుగానే ఉంటుంది, కానీ ఆ పది నిమిషాలే తర్వాత రెండేళ్లు కాపాడతాయి. చదివాక ఓటు, ఓటు అయ్యాక అంకెలు, ఆఖరి లైను కిందే ఖాళీ వదలకుండా సంతకాలు. పేజీలో జాగ మిగిలితే అడ్డంగా గీత కొట్టేస్తా. తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టను, ఒకే గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేస్తా, కింద ఏముందో కనబడాలి.

వ్యతిరేకించినవాళ్ల సంగతి. మన దగ్గర "ఏకగ్రీవంగా" అన్న మాట మీద ఎందుకో చాలా మోజు. పది మంది గొణుగుతుంటే కూడా ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అనే రాస్తారు, అదేదో పరువు విషయం అన్నట్టు. సంపు పనికి 104 వదిన ఒప్పుకోలేదు, వానాకాలం అయ్యాక చేయిద్దాం అన్నది. పుస్తకంలో "104 సభ్యురాలు వర్షాకాలం తర్వాత చేయించాలని అభిప్రాయపడి వ్యతిరేకించారు" అని రాసి చూపించాను. "ఒప్పుకోలె అని రాసిండ్రు కద, గది చాలు" అని తనే సంతకం పెట్టింది, తన వంతు పనులకీ వచ్చింది. కాదన్న మాటకి పుస్తకంలో చోటు ఇస్తే మనిషి మెట్ల మీద ఆ మాట మోసుకుంటూ తిరగాల్సిన అవసరం ఉండదు. బోరప్పుడు ఆ ఆరుగురి "కాదు"ని కూడా ఆ రోజే రాసుకుని ఉంటే, కనీసం మాకు డబ్బు ఎంత తక్కువ పడుతుందో రిగ్గు రాకముందే తెలిసేది.

ఆ సంపు పని కొటేషన్లలో ఒకటి మా కమిటీ మెంబర్ బావమరిదిది. ఆయనే లేచి "నేనుంటె బాగుండదు" అని పైకి వెళ్లిపోయారు. అదీ రాశాం: ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు ఫలానా సభ్యులు సమావేశంలో లేరు అని. ఆయన మీద రేపెవరూ మాట అనకుండా ఉండటానికి అదే రక్ష.

మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ వాళ్ల కాలనీ బోర్డులో మెంబరు. ఫోన్‌లో ఈ గొడవంతా చెప్తే వాడు, అక్కా ఇక్కడ దీనికి చట్టమే ఉంది అన్నాడు. డేవిస్-స్టర్లింగ్ చట్టం అని 1985లో చేశారట, దాని ప్రకారం బోర్డు మీటింగ్‌కి మామూలుగా నాలుగు రోజుల ముందు అజెండాతో నోటీసు పెట్టాలి, అజెండాలో లేని విషయం మీద చాలావరకు నిర్ణయం చేయకూడదు, బోర్డు వాళ్లు తమలో తాము ఈమెయిళ్లు పంపుకుని నిర్ణయాలు చేయకూడదు, అత్యవసరమైతే తప్ప. మీటింగ్ అయిన 30 రోజుల్లోపు మినిట్స్, కనీసం డ్రాఫ్ట్ అయినా, ఏ సభ్యుడు అడిగినా ఇవ్వాలి. బాకీలు, క్రమశిక్షణ, కోర్టు కేసుల్లాంటివి మాత్రం తలుపులు మూసి మాట్లాడుకోవచ్చు. మన దగ్గర అంత వివరంగా లేదు. మాలాంటి చాలా అసోసియేషన్లు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయినవే, దానికి ఏడుగురు సభ్యులుంటే చాలు. నోటీసు ఎన్ని రోజులు, కోరం (మీటింగ్ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఎంత, కమిటీ ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు ఇవన్నీ ఎక్కువగా మన బైలాస్‌లో మనం రాసుకున్నదాన్ని బట్టే. చాలామంది ఆ బైలాస్‌ని రిజిస్ట్రేషన్ రోజు సంతకం పెట్టి మళ్లీ తెరవరు. దయచేసి తెరవండి. మాది పన్నెండు పేజీలు, ఒక గంట పని.

తమ్ముడే ఇంకొకటి కూడా చెప్పాడు, హెన్రీ రాబర్ట్ అనే అమెరికా ఆర్మీ ఇంజినీరు గురించి. 1863లో ఒక చర్చి మీటింగ్‌కి అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక సభ చేజారిపోయిందట, ఆ అవమానంతో కూర్చుని చదివి 1876లో సభా నియమాల పుస్తకం వేశాడు, ఇప్పటికీ అక్కడ కాలనీ బోర్డులు చాలా వాటికి అదే ఆధారం. మినిట్స్‌లో ఏం చేశారో రాయాలి, ఎవరేమన్నారో కాదు అన్నది అందులోని సూత్రం. డజను మంది లోపు ఉండే చిన్న బోర్డుల్లో బలపరిచేవాళ్లు తప్పనిసరి కాదని కూడా అందులో ఉందట. మేం మాత్రం బలపరిచినవారి నంబర్ రాస్తూనే ఉన్నాం, అత్తమ్మ పద్ధతి అది.

ఏం చేశారో తప్ప ఏమన్నారో వద్దు అన్నది మాత్రం నాకు బాగా తగిలింది. ఎందుకంటే పాత రిజిస్టర్‌లో ఇంకో చోట "302 వారు అనవసరంగా గొడవ చేసినారు" అని ఉంది. ఆ ఫ్లాట్ ఆయన తర్వాత అది చూశాడు. అది చదివిన రోజు ఆయన ముఖం నేను చూశాను. కొడుకు పెళ్లి సంబంధం వాళ్లు రేపు ఈ బిల్డింగ్‌కే వచ్చి ఎవరినైనా అడిగితే ఏమంటారోనన్న భయం అది. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల పేర్లు కూడా మినిట్స్‌లో రాయను. లెక్కల పుస్తకంలో ఉంటాయి, తీర్మానంలో "మూడు నెలలు దాటిన బకాయిలకు నోటీసు ఇవ్వడమైనది" అంటే చాలు.

వాట్సాప్ గురించి ఒక మాట. మా గ్రూప్‌లో కిరాయికి ఉన్నవాళ్లూ ఉన్నారు, ఓనర్లలో సగం మంది హైదరాబాద్‌లోనో బయటి దేశంలోనో ఉంటారు. పోల్ పెడితే ఎవరు నొక్కారో, ఆ నొక్కింది ఓనరా కాదా ఎవరు చూస్తారు? అక్కడ అభిప్రాయం అడుగుతాం, నోటీసు వేస్తాం, అంతవరకే. రాలేని ఓనర్లు ఇంకొకరికి రాతపూర్వకంగా అధికారం ఇచ్చి పంపొచ్చని మా బైలాస్‌లో ఉంది, ఆ కాగితాలు రిజిస్టర్‌తో పాటే ఫైల్ చేస్తాను.

అర్జంట్ పనులు ఆగవు, అది వేరే సంగతి. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం మోటరు కాలిపోయింది. ఇంటి నిండా చుట్టాలు, ట్యాంకులో నీళ్లు లేవు. అధ్యక్షుడికీ ట్రెజరర్‌కీ ఫోన్ చేసి, 18,500కి కొత్త మోటరు తెప్పించాం. కమిటీ పరిధిలోనిదే, అయినా తర్వాతి మీటింగ్‌లో మొదటి అంశంగా పెట్టి, బిల్లు చూపించి "అత్యవసరంగా చేసిన ఖర్చును ధృవీకరించడమైనది" అని రాసుకున్నాం. ముందు చేసి తర్వాత ఒప్పించుకోవడం తప్పు కాదు, తర్వాత అడగకుండా వదిలేయడం తప్పు.

బ్యాంకులో సంతకాలు మార్చడానికి వెళ్లినప్పుడు తీర్మానం విలువ ఇంకోలా తెలిసింది. మొదటి కాపీ వెనక్కి ఇచ్చేశారు. కొత్తవాళ్లకి అధికారం ఇస్తున్నట్టు రాశాం గానీ, పాతవాళ్లకి తీసేస్తున్నట్టు రాయలేదు, అకౌంట్ నంబర్ లేదు. మళ్లీ మీటింగ్, మళ్లీ సీలు. ప్రతి ఏడాది జనరల్ బాడీ అయ్యాక కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసుకి ఇవ్వాలి, అక్కడా ఈ పుస్తకమే. రేపు తగాదా ముదిరి ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి తీర్పుకో) జిల్లా కోర్టుకో పోయినా మన చేతిలో చూపించడానికి ఉండేది ఇదే.

ఇక బోరు డబ్బుల సంగతి. నేను సెక్రటరీ అయ్యాక పెట్టిన మొదటి జనరల్ బాడీకి అదొక్కటే అజెండా. పద్నాలుగు రోజుల ముందు నోటీసు, ఆ ఆరు ఫ్లాట్లకీ నేనే తలుపు కొట్టి చేతికిచ్చాను. 24 మందిలో 17 మంది వచ్చారు. గంటన్నర పట్టింది. బోరు ఖర్చు బిల్లులు ఒక్కొక్కటీ తీసి చూశారు, చూడనిచ్చాం. ఆరుగురిలో ఒకాయన, మొదటి నుంచీ గట్టిగా అడిగినాయనే, "సార్ మీద నాకు అనుమానం ఎప్పుడు లేదు, నన్ను అడగలే అన్నదే నా బాధ" అన్నాడు. చివరికి రాసుకున్నది ఇది: బోరు ఖర్చు ధృవీకరించాలి, సార్ కట్టిన 48,000 కార్పస్ నుంచి ఆయనకి వెంటనే ఇచ్చేయాలి, ఆరు ఫ్లాట్ల నుంచి నెలకి వెయ్యి చొప్పున ఎనిమిది నెలలు మెయింటెనెన్స్‌తో పాటు వసూలు చేయాలి. అనుకూలం 13, వ్యతిరేకం 3, తటస్థం 1.

సార్ ఆ రోజు రాలేదు. రాత్రి రిజిస్టర్, చెక్కు పట్టుకుని రెండో అంతస్తుకి నేనే వెళ్లాను, ముట్టినట్టు సంతకం కావాలి కదా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పేజీ మొత్తం రెండుసార్లు చదివారు. వ్యతిరేకించిన ముగ్గురి నంబర్ల దగ్గర కాసేపు ఆగారు, ఏమీ అనలేదు. తర్వాత పెన్ను తీసి, 48,000 అన్న అంకె కింద మెల్లగా పెట్టి, "అంకెలొక్కటే రాసినవేంది బిడ్డా, సున్నా ఎవరైన కలుపుతరు. అక్షరాల్లో కూడ రాయి" అన్నారు.

అక్కడే నిలబడి రాశాను. చదివి, చెక్కు తీసుకుని సంతకం పెట్టారు.